దెబ్బ తిన్నవాని పక్షమున

రోడ్డు ప్రమాదము జరిగిన మరునాడు పత్రికలో నాలుగు పంక్తులు వచ్చును. ఒక లారీ, ఒక మోటారు సైకిలు. ఒకరి మరణము, ఇద్దరికి గాయములు. చదివినవారు 'అయ్యో' యని పుట త్రిప్పుదురు. ఆ నాలుగు పంక్తులలోనివారి యింట ఆ దినము మొదలు ఏమి జరుగునో పత్రికకు పని లేదు. కర్మకాండ ముగిసిన పిమ్మటనో, గాయపడినవానిని ఆసుపత్రినుండి మంచముమీద ఇంటికి చేర్చిన పిమ్మటనో, బంధువులలో నొకరు 'వకీలును చూడవలెను' అందురు. అక్కడనుండి మా పని ప్రారంభమగును. ఆ పని యెట్టిది, దాని పూర్వచరిత్ర యేమి, అందులో మేలెంత, కీడెంత యనునది నేటి ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచినాము.

చలనచిత్రములలో వకీలు నల్లగౌను సవరించుకొనుచు, బల్ల గ్రుద్దుచు, ఒక్క ప్రశ్నతో సాక్షి నోరు మూయించును. మోటారు ప్రమాదముల పరిహార ట్రిబ్యునలులో అట్టి దృశ్యమును చూడబోయినవారికి ఆశాభంగము తప్పదు. అక్కడ జ్యూరీ లేదు. ఉన్నది ఒక న్యాయమూర్తి, ఆయన యెదుట కాగితముల కట్టలు, పిలుపుకై వరండాలో వేచియున్న జనము. తుది వాదన పావుగంటలో ముగియవచ్చును. ఆ పావుగంట వెనుక మాసముల తరబడి జరిగిన పని వేరొకటి కలదు. అది ప్రశ్నలడుగుట. న్యాయమూర్తియెదుట వాదించుటకంటె, కక్షిదారునెదుట కూర్చుండి అడుగుట ముఖ్యము. ఈ వృత్తియందు మేము నేర్చినదంతయు ఈ యొక్క మాటలో నున్నది.

ఏలయనగా, న్యాయస్థానము తెగిన కాలిని అతికింపజాలదు, పోయిన మనిషిని తిరిగి తేజాలదు. అది ఇయ్యగలిగినది ధనమొక్కటే. ధనమనగానే 'ఎంత?' అను ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము గాయములో లేదు. గాయమునకు ముందున్న జీవితములో నున్నది. ఈ మనిషి తెల్లవారి లేచి ఎక్కడికి పోయెడివాడు? చేతులతో ఏమి చేసెడివాడు? అతని సంపాదనమీద ఎందరు అన్నము తినెడివారు? ఈ సంగతులను తెలిసికొని, సాక్ష్యముగా కూర్చి, న్యాయమూర్తి కన్నులకు కట్టునట్లు చేయుటయే దెబ్బ తిన్నవాని వకీలు చేయవలసిన పని.

ఈ న్యాయము మనకు ఊరక వచ్చినది కాదు. 1808లో ఇంగ్లండున ఒక వ్యక్తి తన భార్యతో గుఱ్ఱపు బండిమీద ప్రయాణము చేయుచుండగా బండి బోల్తా పడినది. భార్య గాయపడి, కొంతకాలమునకు మరణించినది. భర్త దావా వేయగా, ఆమె మరణించిన క్షణము వరకు కలిగిన నష్టమునే లెక్కింపవచ్చునుగాని, మరణమును నష్టముగా సివిలు న్యాయస్థానము పరిగణింపజాలదని న్యాయమూర్తి చెప్పెను. దీని ఫలితము విచిత్రమైనది. ఇతరుల అజాగ్రత్తవలన ఒకని కాలు విరిగినచో పరిహారము కలదు. ప్రాణము పోయినచో ఆ మరణమునకు గాను అతని భార్యాబిడ్డలకు ఏమియు లేదు! రైళ్లు వచ్చి ప్రమాదములు పెరిగిన కాలమున, 1846లో, అక్కడి పార్లమెంటు శాసనముచేసి ఈ లోపమును సరిదిద్దినది. అదే పద్ధతిని అనుసరించి మన దేశమున 1855లో ప్రాణాంతక ప్రమాదముల చట్టము వచ్చినది. అయినను ఆ చట్టము క్రింద సివిలు కోర్టులో దావా వేసి, కోర్టు ఫీజు చెల్లించి, సంవత్సరములు వేచియుండుట పేదలకు శక్యమగునా?

అందుచేత 1939 నాటి మోటారు వాహనముల చట్టమును 1956లో సవరించి, పరిహారపు అర్జీలకై ప్రత్యేక ట్రిబ్యునళ్లను ఏర్పరచుటకు వీలు కల్పించిరి. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము అవతరించిన సంవత్సరమును అదియే. తరువాత 1988 నాటి క్రొత్త చట్టము 1989 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ప్రమాదము జరిగిన చోటనే కాక, అర్జీదారుడు నివసించు చోటనున్న ట్రిబ్యునలులోను అర్జీ పెట్టుకొనవచ్చును. ప్రకాశము జిల్లా కూలి మహారాష్ట్రలో లారీ క్రింద పడినచో, అతని కుటుంబము అక్కడి భాష తెలియక అక్కడి కోర్టుల చుట్టు తిరుగవలసిన అవసరము లేదు.

ఇక, ఎదుటి పక్షమువారెవరు? కాగితముమీద డ్రైవరు, వాహనపు యజమాని. నిజమునకు ఎదుట నిలుచునది బీమా కంపెనీ. ఇతరులకు కలిగించు నష్టమునకు బీమా లేకుండ వాహనమును రోడ్డుమీద నడుపరాదని చట్టము నిర్బంధించినది ఇందులకే. యజమాని దివాలా యెత్తినను, గాయపడినవాడు వట్టి చేతులతో పోరాదు. బీమా కంపెనీ తరఫున వచ్చు న్యాయవాదిని శత్రువని తలపరాదు. ఆయనయు ప్రశ్నలే యడుగును. 'ఇంత సంపాదించెడివాడనుటకు ఋజువేమి?' అనునది ఆయన ప్రశ్న. దానికి మేము ముందుగానే సమాధానము వెదకియుండవలెను.

ఒక యుదాహరణము చెప్పుదుము. పేర్లతోను ఊళ్లతోను పని లేదు. ఒక తాపీ మేస్త్రీ సాయంకాలము పనినుండి సైకిలుపై ఇంటికి వచ్చుచు వ్యానుక్రింద పడి మరణించెను. వయస్సు ముప్పది. భార్య, ఇద్దరు పిల్లలు, వృద్ధురాలగు తల్లి. భార్యయు ఆమె మరిదియు మా యొద్దకు వచ్చిరి.

"అమ్మా, మీ ఆయన నెలకెంత తెచ్చేవాడు?" అని యడిగితిమి.

"వచ్చినంత తెచ్చేవాడు బాబూ. వానాకాలంలో పనులుండేవి కావు" అని యామె సమాధానము.

మరిది యందుకొని, "కూలి అని రాసెయ్యండి సార్, సరిపోద్ది" అనెను.

సరిపోదు. ఎందుకు సరిపోదో అంకెలతో చూపెదము. 2009లో సుప్రీం కోర్టు దేశమంతటికి ఒకే విధమైన లెక్కను నిర్ణయించినది. మృతుని సంవత్సరాదాయములో అతని సొంత ఖర్చు క్రింద కొంత తీసివేయుదురు. ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురైనచో మూడవ వంతు, నలుగురు మొదలు ఆరుగురైనచో నాలుగవ వంతు తీయుదురు. మిగిలిన మొత్తమును వయస్సునుబట్టి ఒక గుణకముచే హెచ్చింతురు. పదునైదు మొదలు ఇరువదియైదేండ్ల వరకు గుణకము 18. ఇరువదియారు మొదలు ముప్పది వరకు 17. క్రమముగా తగ్గుచు అరువదియైదు దాటినవారికి 5. అంతకు పూర్వము రాష్ట్రమునకొక రీతిగా లెక్కలుండెను. మన రాష్ట్రమున 1987లో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ జగన్నాధరావుగారు ఒక తీర్పునందు వయస్సుల వారీగా పట్టిక నిచ్చిరి. ట్రిబ్యునళ్లు దాని ననేక సంవత్సరములు అనుసరించినవి. 2017 అక్టోబరు 31న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము మరియొక ముఖ్య విషయమును స్థిరపరచినది. జీతగాండ్రకే కాక, సొంత పనులు చేసికొని బ్రతుకువారికిని మునుముందు ఆదాయము పెరుగునని భావింపవలెను. నలుబదియేండ్ల లోపువారైనచో నూటికి నలుబది వంతు చేర్చవలెను.

మన మేస్త్రీని కూలియని వ్రాసి, నెలకు 10,000 రూపాయలని నిర్ణయించిరనుకొందము. సంవత్సరమునకు 1,20,000. నూటికి నలుబది చేర్చగా 1,68,000. నాలుగవ వంతు తీయగా 1,26,000. పదునేడుచే హెచ్చింపగా 21,42,000. అతడు మేస్త్రీయని ఋజువై, నెలకు 15,000 అని తేలినచో, అదే లెక్క 32,13,000 అగును. తేడా 10,71,000 రూపాయలు. గుణకము మారలేదు, చట్టము మారలేదు, వకీలు గొంతు పెరుగలేదు. మారినది ఒక్క మాట: కూలికి మారుగా మేస్త్రీ.

అయితే ఆ మాటను ఋజువు చేయుటెట్లు? మేస్త్రీకి జీతపు చీటీ లేదు, ఆదాయపు పన్ను కాగితము లేదు. మేము ఆ యింటికి పోయితిమి. గోడ మూలను తాపీ, రసమట్టము, తూకపు గుండు ఉన్నవి. వాని ఫొటో తీయించితిమి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి వారిచ్చిన గుర్తింపు కార్డు పెట్టె యడుగున దొరకినది. చీటీ పాటకు నెలనెల కట్టిన పుస్తకము దొరకినది. తెచ్చుకొనలేనివాడు నెలనెల చీటీ కట్టజాలడు గదా! పిల్లల బడి ఫీజు రసీదులు, కిరాణా కొట్టు ఖాతా దొరకినవి. అతడు స్లాబు వేసిన యొక యింటి యజమాని సాక్ష్యమునకు వచ్చి, రోజునకింతయని తాను చెల్లించిన సంగతి చెప్పెను. ఈ మధ్య కాలమున ఫోనుద్వారా చెల్లింపులు వచ్చినందున బ్యాంకు పుస్తకమే సాక్షియగుచున్నది; పూర్వము అంతయు చేతి డబ్బు. ఒక్కొక్క కాగితము చిన్నది. అన్నియు కలసి ఒక మనిషి బ్రతుకును న్యాయమూర్తి యెదుట నిలిపినవి. కాగితములు లేనంతమాత్రమున పేదవానికి అతి తక్కువ ఆదాయమును కట్టరాదని ఉన్నత న్యాయస్థానములు పలుమారులు చెప్పియున్నవి. కనీస వేతనము కొలబద్దగా పనికివచ్చును గాని అదియే తుది మాట కాదని 2021లో సుప్రీం కోర్టు తెలిపినది. కాని న్యాయమూర్తి ఊహించుటకైనను ఏదో యొక ఆధారమును ఆయన చేతికి మేము అందింపవలెను గదా.

మరణము సంగతి ఇది. బ్రతికియుండి అవయవము కోల్పోయినవాని లెక్క ఇంతకంటె చిక్కైనది. వైద్యుల మండలి 'వికలాంగత నూటికి అరువది' అని సర్టిఫికెట్టు ఇచ్చును. అందుచేత సంపాదనలో నష్టమును నూటికి అరువదియే యని చాల మంది భావింతురు. అది పొరపాటు. 2010లో వెలువడిన ఒక తీర్పులో సుప్రీం కోర్టు ఈ తేడాను చక్కగా విడమరచినది. ఎడమ చేయి పోయినవాడు డ్రైవరో వడ్రంగియో అయినచో అతని సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్లే. అతడే ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా అయినచో, ఉద్యోగము నిలువవచ్చును. సంపాదన నష్టము మిక్కిలి తక్కువ కావచ్చును. చేయి ఒక్కటే, వైద్యుడు వ్రాసిన అంకె ఒక్కటే. ఆ చేతితో చేసిన పని వేరు. అందుచేత వైద్యుని సర్టిఫికెట్టు దాఖలు చేసి కూర్చుండుట చాలదు. వైద్యుని సాక్షిగా పిలిపించి, 'ఈ గాయముతో ఈ మనిషి ఏ పని చేయగలడు, ఏ పని చేయలేడు?' అని చెప్పించవలెను.

ఈ విషయమున కర్ణాటకమునుండి వచ్చిన యొక కేసు తలచుకొనదగినది. కూరగాయలు అమ్ముకొను ఒక యువకుని కాలు ప్రమాదమువలన తీసివేయవలసి వచ్చినది. కూరగాయల వ్యాపారి ఒకచోట కూర్చుండియే అమ్ముకొనవచ్చును గదా, అతనికి అంతగా తిరుగవలసిన పనియేమి, అను తర్కము హైకోర్టు తీర్పులో కనబడినది. 2014లో సుప్రీం కోర్టు దాని నంగీకరింపలేదు. కూరగాయలు వాటంతట అవి బుట్టలోనికి రావు. టోకు బజారునకో రైతుల పొలములకో పోయి కొని తేవలెనని చెప్పి, అతని సంపాదన నష్టమును నూటికి 85గా నిర్ణయించినది. శ్రోతలలో తెల్లవారుజామున మూటలు మోయు కూరగాయల వారిని చూడనివారుండరు. అయినను ఆ చూచిన సంగతి దస్త్రములోనికి ఎక్కవలెను. దస్త్రములో లేనిది న్యాయస్థానమునకు లోకములో లేనట్లే.

ఇక్కడ మా తప్పునొకదానిని దాచక చెప్పవలసియున్నది. వృత్తి ప్రారంభించిన క్రొత్తలో, బస్సు ప్రమాదమున మరణించిన యొక గృహిణి తరఫున ఆమె భర్త అర్జీ పెట్టెను. మేము అర్జీలో 'గృహిణి' యని వ్రాసి ఊరకుంటిమి. ఆనాటి పద్ధతి ననుసరించి స్వల్పమైన మొత్తము వచ్చినది. తీర్పు వచ్చిన పిమ్మట కాగితములమీద సంతకము కొరకు వారి యింటికి పోయితిమి. వసారాలో పాత చీర కప్పిన కుట్టు మిషను కనబడినది. "అది ఎవరిది?" అని యడిగితిమి. "మా ఆవిడదేనండి. వీధి వీధంతా జాకెట్లు కుట్టేది" అని ఆయన చెప్పెను. మేము అడుగలేదు, ఆయనకు చెప్పవలెనని తోచలేదు. సాక్ష్యము ముగిసిన పిమ్మట అప్పీలులో క్రొత్త సంగతులను చేర్చుట సులభము కాదు. ఆ మిషను నేటికిని మా కన్నుల ముందున్నది. ఆనాటినుండి ఏ యింటి కేసు వచ్చినను, ఇల్లు చూడక అర్జీ వ్రాయలేదు.

కుట్టు మిషను లేకపోయినను, ఇంటి పని పని కాకపోవునా? 1994లో చట్టమునకు చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య విలువ భర్త ఆదాయములో మూడవ వంతుగా నుండెను. ఆమె పనికి కొలత ఆమె పని కాదు, భర్త జీతము! ఈ భావము క్రమముగా మారినది. జంషెడ్‌పూరులో 1989లో జరిగిన అగ్నిప్రమాద వ్యవహారమున, 2001లో సుప్రీం కోర్టు గృహిణుల సేవకు నెలకింతయని విలువ కట్టినది. 2014లో ఢిల్లీలో మోటారు సైకిలుపై పోవుచు మరణించిన దంపతుల వ్యవహారమున 2021 జనవరిలో వచ్చిన తీర్పు ఇంకను ముందునకు పోయినది. కృష్ణా జిల్లా పొన్నవరమున జన్మించి, అటుపిమ్మట భారత ప్రధాన న్యాయమూర్తియైన జస్టిస్ ఎన్.వి. రమణగారు అందులో ప్రత్యేకముగా తమ అభిప్రాయమును వ్రాసిరి. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వేను వారు ఉదహరించిరి. ఇంటివారికొరకు జీతము లేకుండ చేయు పనికి స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు ఆ సర్వే తెలిపినది. గృహిణికి ఆదాయమును కట్టుట దయాధర్మము కాదనియు, ఆమె శ్రమను చట్టము గుర్తించుటయే యనియు ఆ తీర్పు సారాంశము. ఇది చదివినప్పుడు మాకు ఆ వసారాలోని మిషను జ్ఞప్తికి వచ్చినది.

ఇంతవరకు నష్టమును గూర్చి చెప్పితిమి. తప్పు ఎవరిదను ప్రశ్న దానికి ముందున్నది. ఎఫ్.ఐ.ఆర్., స్థల పంచనామా, గాయముల సర్టిఫికెట్టు లేక శవపరీక్ష నివేదిక, మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు నివేదిక, పోలీసుల ఛార్జిషీటు, బీమా పాలసీ నకలు: ఈ యారును మా కట్టలో ముందు చేరవలసిన కాగితములు. క్రిమినలు కోర్టులో డ్రైవరు నేరము సందేహమునకు తావు లేకుండ ఋజువు కావలెను. ట్రిబ్యునలులో అంత యవసరము లేదు. ఏది ఎక్కువ సంభవమో చూచి నిర్ణయింతురు. అందుచేత క్రిమినలు కేసు కొట్టివేసినను పరిహారపు అర్జీ దానంతట అది కూలిపోదు. ఈ సంగతి తెలియక అర్జీని మానుకొనిన కుటుంబములు కలవు.

ఇక మా వృత్తిలోని చీడను గూర్చి కొంత చెప్పక తప్పదు. ఆసుపత్రి గుమ్మములయొద్ద తిరుగు మధ్యవర్తులు కలరు. గాయపడినవాని కట్టు ఆరకముందే వారు తెల్లకాగితములమీద వ్రేలిముద్రలు వేయించుకొందురు. లేని ప్రమాదమును కల్పించువారును, ఒక బండికి మారుగా బీమా గల మరియొక బండిని చూపువారును ఉందురు. అట్టి దొంగ అర్జీ ఒక్కటి బయటపడినచో, దాని తరువాత వచ్చు పది నిజమైన అర్జీలను న్యాయమూర్తులు అనుమానముతో చూచెదరు. నష్టపోవువాడు మరల పేదవాడే.

ఫీజు విషయమును అట్టిదే. అమెరికాలో గాయపడినవారి వకీళ్లు గెలిచిన సొమ్ములో వంతు పుచ్చుకొను ఒప్పందముతో పని చేయుదురు. మూడవ వంతు అక్కడ వాడుక. గెలువనిచో ఫీజు లేదు. డబ్బు లేనివానికి కోర్టు తలుపు తెరచునది ఆ పద్ధతియే యని అక్కడివారి వాదన. మన దేశమున అది నిషిద్ధము. వ్యవహార ఫలితముపై ఆధారపడిన ఫీజును గాని, వచ్చిన సొమ్ములో వాటాను గాని న్యాయవాది మాటాడుకొనరాదని బార్ కౌన్సిలు నియమము. ఇట్టి ఒప్పందము న్యాయవాదికి తగని నడవడియని సుప్రీం కోర్టు 1954లోనే చెప్పినది. తెలంగాణమునుండి పోయిన యొక వ్యవహారమున 2017 డిసెంబరులో ఆ మాటనే మరల చెప్పవలసి వచ్చినది. 1998లో రోడ్డు ప్రమాదమున భర్తను పోగొట్టుకొనిన స్త్రీనుండి, పరిహారములో శాతము చొప్పున ఫీజు కోరి, చెక్కు పుచ్చుకొని, అది చెల్లనందున ఆమెపై కేసు పెట్టిన ఉదంతమది. ఆ కేసును సుప్రీం కోర్టు కొట్టివేసినది. మాటలో నిషేధము, చేతలో వాడుక యను స్థితి నేటికిని పూర్తిగా తొలగలేదని మా వృత్తివారముగా ఒప్పుకొనక తప్పదు. ఫీజు భారమైనవారికి వేరొక దారి కలదు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము ఇయ్యవలెనని 1987 నాటి చట్టము చెప్పుచున్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగవచ్చును.

సొమ్ము వచ్చిన తరువాతను వకీలు పని తీరలేదు. ఒక్కసారిగా చేతికి లక్షలు వచ్చిన యింటికి బంధువులు పెరుగుదురు. అందుచేతనే పిల్లల వాటాను, చదువురానివారి వాటాను బ్యాంకులో వేసి, వడ్డీమీద జీవనము సాగునట్లు ట్రిబ్యునళ్లు ఆజ్ఞ చేయుచుండును. కక్షిదారులు కొందరు దీనికి కోపగింతురు. ఆ కోపమును సహించి, ఇందలి మేలును వారికి వివరించుటయు మా వృత్తిలోని భాగమే.

తుదకు శ్రోతలకు కొన్ని మాటలు. ఇట్టి అవసరము ఎవరికిని రాకుండుగాక. వచ్చినచో, ఆలస్యము చేయవలదు. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణలో, ప్రమాదము జరిగిన ఆరు మాసములలో అర్జీ పెట్టవలెనని వ్రాసిరి. ఆసుపత్రి రసీదులను, మందుల చీటీలను, రానుపోను బాడుగ లెక్కలను ఒక సంచిలో వేసి యుంచవలెను. తెల్లకాగితముమీద సంతకము చేయరాదు. వకీలు అడిగినను అడుగకున్నను, ఇంటిలోని ప్రతి మనిషి ఏమేమి పనులు చేయుచుండెనో పూర్తిగా చెప్పవలెను. పాలు పిండుట, మిషను కుట్టుట, ముసలివారికి స్నానము చేయించుట, పిల్లలకు అక్షరములు దిద్దించుట: ఇవి చెప్పదగని చిన్న పనులని తలపరాదు.

ఆ మేస్త్రీ భార్య తీర్పు నకలును అందుకొనిన దినమున మొత్తమెంతయని ముందుగా అడుగలేదు. కాగితమును తన పెద్దకొడుకు చేతికిచ్చి, "మీ నాన్నను ఏమని రాశారో చదువు" అని చెప్పినది. ఆ బాలుడు వ్రేలు పెట్టి వెదకి వెదకి, 'తాపీ మేస్త్రీ' యని చదివెను. ఆమె తల యూచి, కాగితమును మడచి కొంగున కట్టుకొనినది.